పాప లెక్కలే చదువుతానంటోంది: సి.ఎస్. శేషాద్రి గారు చేసిన గణితం ఏమిటో చెప్పండి

బుగ్గవంక (కడప)

అందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఇంట్లో అందరం ఇంజనీరింగే అనుకుంటా ఉంటే, తను మాత్రం లెక్కలే చదువుతానని పట్టుబట్టింది. చెన్నై పక్కన సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉందంట, దాని ఎంట్రన్స్ రాస్తుందంట. 'ఆ సంస్థ పెట్టింది సి.ఎస్. శేషాద్రి గారు నాన్నా, కాంప్లెక్స్ ఆల్జీబ్రాయిక్ జామెట్రీలో ప్రపంచమంతా ఆయన పేరు చెప్పుకుంటారు' అనింది.

నేను ఎరువుల అంగడి నడుపుకునేవాణ్ణి, బీకాం వరకు చదివినాను. ఈ సబ్జెక్టు పేరు కూడా ఇప్పుడే వింటున్నా. ఉద్యోగాల సంగతి తర్వాత అడుగుతాను. ఒక మనిషి జీవితమంతా కూర్చుని చేసిన ఆ పని ఏందో ముందు తెలుసుకోవాలని ఉంది. బిడ్డ ఇష్టపడిన దారి ఎట్లాంటిదో తెలీకుండా సరే అనలేను, వద్దనీ అనలేను. తెలిసినవాళ్లు చెప్పండి. పెద్దగా రాసినా పర్వాలేదు, ఓపిగ్గా చదువుతాను.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

బుగ్గవంక గారూ, డిగ్రీ కాలేజీల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎందరో తల్లిదండ్రులు వచ్చి మార్కుల గురించి అడిగినారు గానీ, సబ్జెక్టులో ఏముందని అడిగింది మీరే. మీ పాప అదృష్టవంతురాలు.

ముందు మనిషి గురించి చెబుతాను. శేషాద్రి గారు 1932 ఫిబ్రవరి 29న కాంచీపురంలో పుట్టినారు, పెరిగింది చెంగల్పట్టులో. మద్రాసు లయోలా కాలేజీలో ఆనర్స్ చదివేటప్పుడు ఆయనకు ఫాదర్ రాసీన్ అనే ఫ్రెంచి జెస్యూట్ గురువు దొరికినారు. ఆ రోజుల్లో ఆనర్స్ అంటే పాత ఇంగ్లీషు పద్ధతిలో చిక్కు లెక్కలు వేగంగా చెయ్యడమే. రాసీన్ గారికి ఫ్రాన్సులో అప్పుడప్పుడే రూపు దిద్దుకుంటున్న కొత్త గణితం తెలుసు. చురుకైన పిల్లల్ని గుర్తుపట్టి పరిశోధన వైపు పంపడం ఆయన పనిగా పెట్టుకున్నారు. అట్లా 1953లో శేషాద్రి, అదే కాలేజీలో చదివిన ఎం.ఎస్. నరసింహన్, ఇద్దరూ బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరినారు. నరసింహన్ గారిది ఉత్తర ఆర్కాడు వైపు పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం.

టాటా సంస్థ అప్పుడు గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పాత యాట్ క్లబ్ భవనంలో ఉండేది. గణిత విభాగం పెద్ద కె. చంద్రశేఖరన్ గారు. ఆయన యూరప్, అమెరికాల నుంచి ఆ కాలపు మహామహుల్ని పిలిపించి వారాల తరబడి పాఠాలు చెప్పించేవారు. పాఠాన్ని నోట్సుగా రాసి అచ్చుకు సిద్ధం చెయ్యాల్సింది మాత్రం కుర్రవాళ్లే. రాయాలంటే అర్థం కావాలి కదా! అది వాళ్లకు పెద్ద శిక్షణ. ఆ నోట్సులు ఇప్పటికీ టాటా సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

1957 నుంచి 1960 దాకా శేషాద్రి గారు పారిస్‌లో ఉన్నారు. షెవాలీ, సేర్, గ్రోతెన్‌డీక్ లాంటివాళ్లు ఈ సబ్జెక్టు పునాదుల్నే తిరగరాస్తున్న కాలమది. 1955లో సేర్ ఒక ప్రశ్న వేసి వదిలినాడు: బహుపదుల వలయం మీద ప్రాజెక్టివ్ మాడ్యూల్స్ అన్నీ ఫ్రీ మాడ్యూల్సేనా అని. (మాడ్యూల్ అంటే సదిశాంతరాళం లాంటిదే, సంఖ్యల బదులు బహుపదులతో గుణిస్తాం. ఆధారం ఉంటే ఫ్రీ, ఫ్రీ దాన్ని విడగొడితే వచ్చే ముక్క ప్రాజెక్టివ్.) రెండు చరరాశులకు 'అవును' అని 1958లో శేషాద్రి గారు నిరూపించినారు. అప్పటికి ఆయన వయసు 26. ఎన్ని చరరాశులకైనా అంతేనని క్విల్లెన్, సుస్లిన్ విడివిడిగా నిరూపించింది 1976లో.

ఆయనకు శాశ్వతమైన పేరు తెచ్చిన సిద్ధాంతం వేరే ఉంది. దాన్ని నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ వేదికలో ఉన్నారు, వాళ్లకు వదిలేస్తాను.

మైలవరం (జమ్మలమడుగు)

సార్ చెప్పిందంతా గౌరవంగా చదివినాను. నేను ఇంటర్ పిల్లలకు కోచింగ్ చెబుతాను. నాకొక ఆందోళన ఉంది, దాచుకోకుండా చెబుతా. మన దగ్గర కుటుంబాలు అప్పు చేసి చదివిస్తాయి. వాన పడకపోతే ఆ ఏడు ఫీజు లేదు. అట్లాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లకు 'పదేళ్లు ఓపిక పట్టు, ప్రొఫెసర్ అవుతావు' అని చెప్పడానికి నాకు నోరు రాదు. శేషాద్రి లాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? మిగతావాళ్ల సంగతేంది? పాపను నిరుత్సాహపరచాలని కాదు, ఇది కూడా మాట్లాడుకోవాలని రాస్తున్నా.

క్లాక్‌టవర్ (అనంతపురం)

మైలవరం అన్నా, మీ ప్రశ్న దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు బుగ్గవంక అన్న అడిగినదానికి జవాబు చెప్పనీయండి. నాది అనంతపురమే, ఇప్పుడు బెంగళూరులో ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తున్నాను.

అన్నా, సరళరేఖ, వృత్తం, పరావలయం మీరూ బడిలో చూసే ఉంటారు. ఒక సమీకరణం ఇస్తే ఒక బొమ్మ వస్తుంది. సమీకరణాల నుంచి వచ్చే అట్లాంటి ఆకారాల్ని చదివేదే బీజీయ జ్యామితి. 'కాంప్లెక్స్' అంటే మైనస్ ఒకటికి వర్గమూలం ఉందని ఒప్పుకుని, ఆ సంఖ్యల్ని కూడా లెక్కలోకి రానివ్వడం. ఎందుకు రానివ్వాలో ఒక ఉదాహరణతో చూపిస్తాను, పాపతో గ్రాఫ్ పేపర్ మీద గీయించండి.

వై² = ఎక్స్³ − ఎక్స్ తీసుకోండి. మామూలు సంఖ్యలతో గీస్తే రెండు ముక్కలొస్తాయి. ఎక్స్ విలువ −1 నుంచి 0 దాకా మూసుకున్న వంపు ఒకటి, 1 నుంచి కుడివైపుకు తెరుచుకుని పోయే వంపు ఇంకొకటి. 0కీ 1కీ మధ్యలో ఏమీ ఉండదు, అక్కడ ఎక్స్³ − ఎక్స్ రుణసంఖ్య కాబట్టి. ఒకే సమీకరణం, సంబంధం లేని రెండు బొమ్మలు! సంకీర్ణ సంఖ్యల్ని రానిచ్చి, అనంతం దగ్గర ఒక బిందువు చేర్చండి. అప్పుడు వచ్చేది గీత కాదు, ఒక తలం. మనింట్లో చేసే గారె పైపొర లాగా మధ్యలో ఒక చిల్లు ఉండే తలం. మనం గీసిన రెండు వంపులూ ఆ ఒక్క తలం మీది రెండు గీతలే. ఎక్స్³ బదులు ఎక్స్⁵ రాస్తే చిల్లులు రెండవుతాయి. చిల్లుల సంఖ్యను జీనస్ అంటాం, ఈ తలాలను రీమాన్ తలాలంటాం.

సమీకరణం బీజగణితం, చిల్లులు టోపాలజీ (సాగదీసినా వంచినా మారని ఆకార లక్షణాల చదువు). ఒకదాన్ని చూసి రెండోదాన్ని చెప్పగలగడం ఈ సబ్జెక్టు ప్రాణం. శేషాద్రి, నరసింహన్ గార్ల సిద్ధాంతం సరిగ్గా అట్లాంటిదే, ఇంకా చాలా లోతులో.

హంద్రీ (కర్నూలు)

అక్కా, నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. వెక్టర్ బండిల్ నిర్వచనం పుస్తకంలో చదివినా. స్టేబుల్ బండిల్ అనే మాట దగ్గర ఆగిపోయినాను. డిగ్రీని ర్యాంకుతో భాగించాలి, లోపలి బండిల్‌కు ఆ భాగఫలం తక్కువ ఉండాలి అంటారు. ఎందుకు? ఎవరికి తట్టింది ఇట్లాంటి షరతు?

క్లాక్‌టవర్ (అనంతపురం)

మంచి చోట ఆగినావు తమ్ముడూ. బుగ్గవంక అన్న కోసం ఒక్క మాట చెప్పి వస్తాను: తలం మీది ప్రతి బిందువు దగ్గరా ఒక సదిశాంతరాళాన్ని నిలబెడితే, అవన్నీ కలిసి వెక్టర్ బండిల్. ఒక్కోదాని పరిమాణం ర్యాంకు. ర్యాంకు ఒకటైతే లైన్ బండిల్ అంటాం. తలమంతా తిరిగేసరికి మొత్తమ్మీద ఎంత మెలిక పడిందో చెప్పే పూర్ణసంఖ్య డిగ్రీ.

ఒక తలం మీద ఎన్ని రకాల బండిల్స్ ఉన్నాయి, వాటన్నింటినీ ఒక పటంలాగా పరచగలమా అన్నది ప్రశ్న. జీనస్ సున్నా అయితే, అంటే గోళం మీద, ప్రతి బండిల్ లైన్ బండిల్స్‌గా విడిపోతుందని 1957లో గ్రోతెన్‌డీక్ చెప్పినాడు. జీనస్ ఒకటికి అదే ఏడు అతియా పూర్తి వర్గీకరణ ఇచ్చినాడు. జీనస్ రెండు, ఆపైన ఉంటే చిక్కు మొదలవుతుంది.

ఆ చిక్కు చూడు. డిగ్రీ ధనసంఖ్య అయిన లైన్ బండిల్ ఒకటి తీసుకో, దాని పేరు ఎల్. ఎల్ విలోమాన్ని లోపల పెట్టి, ఎల్‌ను భాగఫలంగా పైన పెట్టి అతికితే ర్యాంకు రెండు బండిల్ వస్తుంది. ఆ అతుకును ఒక సదిశ నిర్ణయిస్తుంది. సదిశను సగం చేసినా, వందో వంతు చేసినా వచ్చే బండిల్ మారదు, అన్నీ ఒకటే. సదిశను సున్నా చేస్తే మాత్రం అతుకు ఊడిపోయి రెండు లైన్ బండిల్స్ విడివిడిగా మిగులుతాయి. అంటే పటం గీస్తే, ఒకే బిందువు దగ్గర నిలబడి ఉన్నదల్లా హఠాత్తుగా వేరే బిందువు అవుతుంది! అట్లాంటి పటంలో బిందువులను విడదీయలేం. ఇందులో తప్పు ఎవరిది? విడిపోయిన ఆ బండిల్‌ది. దాని లోపల ఎల్ ఉంది, మొత్తం డిగ్రీ సున్నా అయితే ఎల్ డిగ్రీ అంతకంటే ఎక్కువ. లోపలి భాగం బరువు, అంటే నువ్వు చెప్పిన డిగ్రీ భాగించు ర్యాంకు, మొత్తం బరువుకంటే తక్కువ ఉండాలన్న షరతు పెడితే ఇట్లాంటివి పటంలోకి రావు. 1962 స్టాక్‌హోమ్ గణిత మహాసభలో మమ్‌ఫర్డ్ ఈ నిర్వచనం ఇచ్చినాడు. ఆయన వచ్చిన దారి శుద్ధ బీజగణితం, సమూహాల అచర సిద్ధాంతం.

అదే కాలంలో బొంబాయిలో మనవాళ్లిద్దరూ వేరే దారిలో తవ్వుతున్నారు. 1938లో ఆంద్రే వేయ్ రాసిన వ్యాసం వాళ్లకు ప్రేరణ. (ఈ వేయ్ 1930–32లో మన అలీగఢ్‌లో లెక్కల ప్రొఫెసర్‌గా పనిచేసినవాడే.) తలం మీద ఒక బిందువు దగ్గర బయల్దేరి, చిల్లు చుట్టూ తిరిగి అక్కడికే వస్తే ఒక మాత్రిక వస్తుంది. చిల్లు చిల్లుకూ రెండు చుట్లు, కాబట్టి మొత్తం 2జి మాత్రికలు. అవన్నీ పొడవును మార్చని యూనిటరీ మాత్రికలు అయినప్పుడు ఎట్లాంటి బండిల్ వస్తుందని వాళ్ల ప్రశ్న.

1965లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో జవాబు వచ్చింది. జీనస్ రెండు లేదా ఆపైన ఉన్న తలం మీద, డిగ్రీ సున్నా స్టేబుల్ బండిల్స్ అంటే సరిగ్గా ఇంకా విడగొట్టలేని యూనిటరీ మాత్రికల నుంచి వచ్చేవే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మమ్‌ఫర్డ్ బీజగణితంలో పట్టుకున్న షరతు, వీళ్లు చుట్లు తిరిగి పట్టుకున్న షరతు, రెండూ ఒకటే. ఒకవైపు ఉన్న స్టేబుల్ బండిల్స్ తలం సమీకరణం మీద ఆధారపడతాయి, రెండోవైపు ఉన్న మాత్రికలకు చిల్లుల సంఖ్య తప్ప ఇంకేమీ అక్కర్లేదు. మొదటిసారి ఇది అర్థమైన రోజు నాకు చాలాసేపు ఇంకో పని చెయ్యబుద్ధి కాలేదు.

హంద్రీ (కర్నూలు)

అక్కా, నిరూపణ ఎట్లా పోతుందో రుచి చూపిస్తావా? పూర్తిగా వద్దు.

క్లాక్‌టవర్ (అనంతపురం)

యూనిటరీ నుంచి స్టేబుల్ వైపు నీకు బీయెస్సీలో వచ్చిన పాఠంతోనే మొదలవుతుంది. యూనిటరీ బండిల్‌కు ఒక హోలోమార్ఫిక్ సెక్షన్ ఉందనుకో, అంటే ప్రతి బిందువు దగ్గరా ఒక సదిశను సంకీర్ణ అవకలనం కుదిరేలా ఎంచుకున్నామనుకో. ప్రతి బిందువు దగ్గరా దాని పొడవు కొలువు. చుట్టు తిరిగి వచ్చినా మాత్రిక యూనిటరీ కాబట్టి పొడవు మారదు, అంటే ఆ పొడవు తలం మీద నిజమైన ప్రమేయం. తలం మూసుకున్నది, కాబట్టి ఎక్కడో ఒకచోట గరిష్ఠం చేరాలి. హోలోమార్ఫిక్ ప్రమేయాల పరమమూల్య వర్గాల మొత్తం లోపల ఎక్కడైనా గరిష్ఠం చేరితే అది స్థిరాంకమే. అంతే! సెక్షన్ స్థిరం, అంటే మాత్రికలేవీ దాన్ని కదిలించవు. లోపల బరువైన బండిల్ దూరితే ఈ వాదనే దాన్ని పట్టిస్తుంది.

స్టేబుల్ నుంచి యూనిటరీ వైపు కష్టం. స్టేబుల్ బండిల్స్ అన్నీ ఒకదాన్నుంచి ఒకదానికి తెగకుండా నడిచిపోయేలా ఒకే కుటుంబంలో ఉంటాయి. అందులో యూనిటరీ అయినవాటి సమితి వివృతమని పరిమాణాల లెక్క చెబుతుంది. సంవృతం అనడానికి యూనిటరీ సమూహం సంహతం కావడం సాయపడుతుంది: మాత్రికల వరుసకు అవధి దొరుకుతుంది, ఆ అవధి ఇచ్చే బండిల్‌కూ మన స్టేబుల్ బండిల్‌కూ మధ్య సున్నా కాని మ్యాప్ ఒకటి దొరుకుతుంది. రెండింటి డిగ్రీ, ర్యాంకు ఒకటే, పైగా ఒకటి స్టేబుల్, కాబట్టి ఆ మ్యాప్ తుల్యరూపతే. వివృతం, సంవృతం, ఖాళీ కాదు, కుటుంబమంతా ఒకే ముక్క. అంటే అన్నీ యూనిటరీనే.

ఆ పరిమాణాల లెక్క నువ్వే చెయ్యి, ఇక్కడ రాయి.

గుత్తి (అనంతపురం జిల్లా)

లెక్కలు నాకు అంత లోతుగా రావు గానీ ఈ చర్చ వదలకుండా చదువుతున్నా. రైల్వేలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఒకటి చెప్పాలనిపించింది. మద్రాసు నుంచి బొంబాయి పోయే పాత మెయిన్ లైన్ మన ఊళ్ల మీదుగానే: రేణిగుంట, కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని. మద్రాసులో చదివి బొంబాయిలో గణితం చేసిన ఆ తరం మన స్టేషన్ల మీదుగా తిరిగినవాళ్లే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఎం.ఎస్. రఘునాథన్ గారు పుట్టింది అనంతపురంలోనే, 1941 ఆగస్టు 11న. టాటా సంస్థలో నరసింహన్ గారి దగ్గరే పీహెచ్‌డీ చేసినారు. 2012లో పద్మభూషణ్ వచ్చింది. 2010 ఆగస్టులో హైదరాబాద్‌లో ప్రపంచ గణిత మహాసభ జరిగితే, ఏర్పాట్ల కమిటీకి ఆయనే అధ్యక్షులు. మన ఊళ్లో ఎన్నో విగ్రహాలున్నాయి, ఆయన పేరు బడిపిల్లలకు కూడా తెలియాలి.

హంద్రీ (కర్నూలు)

గుత్తి అన్నా, అనంతపురం సంగతి నాకు నిజంగా కొత్త!

అక్కా, చేసినాను. ర్యాంకు ఎన్, జీనస్ జి అనుకుంటే, 2జి యూనిటరీ మాత్రికలు. ఒక్కోదానికి ఎన్² వాస్తవ పరామితులు, మొత్తం 2జి × ఎన్². చుట్లన్నీ కలిపి ఒక నియమం: కమ్యుటేటర్ల (ఎబిఎ⁻¹బి⁻¹ రూపంలో ఉండేవి) లబ్ధం తత్సమ మాత్రిక కావాలి. కమ్యుటేటర్ల నిర్ధారకం ఎప్పుడూ 1 కాబట్టి ఈ నియమం తీసేసేది ఎన్² − 1. ఆధారాన్ని మార్చుకునే స్వేచ్ఛ ఇంకో ఎన్² − 1, ఎందుకంటే అదిశ మాత్రికలతో ఏమీ మారదు. మిగిలేది 2(ఎన్²(జి − 1) + 1). సంకీర్ణ పరిమాణం అందులో సగం: ఎన్²(జి − 1) + 1.

ఎన్ = 1 పెడితే జి. లైన్ బండిల్స్ పటం జాకోబియన్, దాని పరిమాణం జి. సరిపోయింది!

క్లాక్‌టవర్ (అనంతపురం)

శభాష్! ఇప్పుడు ఎన్ = 2, జి = 2 పెట్టు. 5 వస్తుంది. నిర్ధారకం ఎటైనా పోవచ్చు అనేదానికి జాకోబియన్ 2 తీసేస్తే మిగిలేది 3. నిర్ధారకం ట్రివియల్ అని కట్టేసినప్పుడు, సెమీస్టేబుల్ వాటిని (లోపలి భాగం బరువు మొత్తం బరువుతో సమానం కూడా కావచ్చు అనేవాటిని) కూడా కలుపుకుంటే, ఆ పటం అచ్చంగా మూడు పరిమాణాల ప్రొజెక్టివ్ అంతరాళమేనని నరసింహన్, ఎస్. రామనన్ 1969లో నిరూపించినారు. నువ్వు వేళ్ల మీద లెక్కపెట్టిన 3 అక్కడ కనబడుతుంది చూడు.

సెమీస్టేబుల్ వాటిని కలిపి పటాన్ని మూసేది ఎట్లాగో చూపించింది శేషాద్రి గారే, 1967లో. ఆయన నిర్వచించిన సమానత్వాన్ని ఇప్పుడు ఎస్-తుల్యత అంటారు. చిల్లులే కాక తలం మీద కొన్ని బిందువులు గుర్తుపెట్టుకుంటే ఏమవుతుందో వి.బి. మెహతాతో కలిసి 1980లో రాసినారు. 1983లో డొనాల్డ్‌సన్ మొదటి సిద్ధాంతానికి భౌతికశాస్త్రంలోని యాంగ్–మిల్స్ సమీకరణాల వైపు నుంచి కొత్త నిరూపణ ఇచ్చినాడు. అక్కడి నుంచి అది తలాల్ని దాటి పై పరిమాణాలకు పోయింది. బొంబాయిలో మొదలైన ప్రశ్న మీద ఇప్పటికీ ప్రపంచమంతా పనిచేస్తున్నారు, నా థీసిస్ కూడా దాని కొమ్మల్లో ఒకదాని మీదే.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

మనసు నిండిపోయిందమ్మా. హంద్రీ, నువ్వు రాసిన లెక్కను అచ్చు తీసి పెట్టుకుంటాను.

ఉద్యోగ జీవితంలో రెండో సగం గురించి నేను చెబుతాను, మైలవరం గారి ప్రశ్నకు అందులో కొంత జవాబుంది. 1970ల్లో శేషాద్రి గారు స్టాండర్డ్ మోనోమియల్ థియరీ మొదలుపెట్టినారు. 1940ల్లో హాడ్జ్ గ్రాస్‌మానియన్ అనే ఆకారాలకు చేసిన పనిని, ఇంకా పెద్ద కుటుంబానికి విస్తరించడం అది. ఆ పనిలో ఆయనతో కలిసింది వి. లక్ష్మీబాయి గారు, సి. ముసిలి గారు. ముసిలి గారు తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఎందరికో ఆల్జీబ్రా నేర్పినారు. బీజీయ జ్యామితి కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఆయన రాసిన పాఠ్యపుస్తకం మన లైబ్రరీల్లో ఉండాల్సింది. ఒక మనిషి సిద్ధాంతం ఇంకొకరి చేతిలో పాఠమై మన పిల్లల దాకా రావడమంటే ఇదే.

1984లో టాటా సంస్థ వదిలి చెన్నైలోని మ్యాథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చినారు. 1989లో స్పిక్ సైన్స్ ఫౌండేషన్ కింద గణిత విభాగం ఒకటి టీ నగర్‌లో మొదలుపెట్టినారు. మీ పాప చెప్పిన సంస్థకు అదే వేరు. అప్పటికి ఆయన రాయల్ సొసైటీ ఫెలో. హాయిగా సొంత పరిశోధన చేసుకోవచ్చు. కానీ పరిశోధకులు చేసే గణితాన్ని ఇంటర్ దాటిన పిల్లలకే నేరుగా చెప్పాలని ఆయన పట్టు. 1998లో బీయెస్సీ పెట్టినారు. డిగ్రీ ఇచ్చే అధికారం సంస్థకు లేకపోతే మధ్యప్రదేశ్‌లోని భోజ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీలు ఇప్పించినారు. 2005లో సిరుసేరి క్యాంపస్, 2006లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చినాయి. 2009లో ఆయనకు పద్మభూషణ్. కర్ణాటక సంగీతం బాగా పాడేవారు కూడా. 2020 జూలై 17న చెన్నైలో కన్నుమూసినారు. మరుసటేడు మే 15న నరసింహన్ గారు పోయినారు.

సిద్ధాంతం నిరూపించడం ఎంత కష్టమో, బీయెస్సీ కోర్సు నిలబెట్టడం అంతకు తక్కువ కష్టం కాదని నా అభిప్రాయం. రెండూ చేసినవాళ్లు అరుదు.

బుగ్గవంక (కడప)

సార్, 'స్పిక్' అంటే ఎరువుల కంపెనీ స్పిక్కేనా? ఆ పేరు యూరియా బస్తాల మీద చూస్తానే ఉన్నాను ఇన్నేళ్లూ! ఎరువుల డబ్బుతో గణితం బడి లేచిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు, మీరు రాసింది చదివి వినిపించినాను.

అమ్మా క్లాక్‌టవర్, ఆ రెండు వంపుల బొమ్మ పాప గీసింది. గారె దగ్గర మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. అన్నీ అర్థమైనాయని చెప్పను గానీ, ఇది ఉత్త పరీక్షల లెక్క కాదని మాత్రం తెలిసింది. ఇప్పుడు మైలవరం గారు అడిగింది నాకూ కావాలి.

క్లాక్‌టవర్ (అనంతపురం)

అన్నా, అవునండీ, ఆ కంపెనీ ఫౌండేషనే.

ఇక ఖర్చు, బతుకుతెరువు. అందరూ శేషాద్రి కారు, నేనూ కాను. చెన్నై సంస్థలో బీయెస్సీ గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపే ఉంటుంది. అక్కడ చదివినవాళ్లలో పరిశోధన వైపు పోయేవాళ్లు పోతారు, మిగతావాళ్లు సాఫ్ట్‌వేర్, డేటా సైన్స్, ఫైనాన్స్ వైపు పోతారు. అవసరం ఉన్నవాళ్లకు ఫీజు మినహాయింపులు ఉంటాయి. బెంగళూరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బీమ్యాథ్ కోర్సుకు ట్యూషన్ ఫీజే లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. రెండు ఎంట్రన్సులూ రాయించండి. పీహెచ్‌డీలో మాకు నెలనెలా ఫెలోషిప్ వస్తుంది, నేను ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడం లేదు. అయితే పీహెచ్‌డీ తర్వాత స్థిరమైన పోస్టు దొరకడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది, ఊళ్లు మారాలి. ఇది దాచి చెప్పడం అన్యాయం.

మైలవరం అన్నా, ఎంట్రన్సులో మనపిల్లలు ఆగిపోయేది తెలివి తక్కువై కాదు. 'నిరూపించుము' అన్న ప్రశ్న చూసి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడానికి అలవాటు పడిన చెయ్యి, ఖాళీ కాగితం మీద వాదన రాయడానికి వెనకాడుతుంది. ఆ అలవాటు మీలాంటివాళ్లే చెయ్యగలరు.

మైలవరం (జమ్మలమడుగు)

నిజాయితీగా చెప్పినందుకు సంతోషం అమ్మా. మా దగ్గర ఆదివారం సాయంత్రం ఒక బ్యాచ్ పెడతాను, ఆప్షన్లు లేకుండా, ఫీజు లేకుండా. తెలుగు మీడియం పిల్లలు తెలుగులోనే నిరూపణ రాయొచ్చు. ప్రశ్నలు ఎవరైనా పంపండి.

హంద్రీ (కర్నూలు)

అన్నా, ప్రశ్నలు నేను పంపుతాను. డిగ్రీ పిల్లలుంటే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) గురించి కూడా చెప్పండి. 1993లో ఎస్. కుమరేశన్ గారు మొదలుపెట్టిన వేసవి శిక్షణ అది. కర్నూలు, కడప కాలేజీల్లో చాలామందికి దాని పేరే తెలీదు.

క్లాక్‌టవర్ (అనంతపురం)

బుగ్గవంక అన్నా, పాపకు ఒక చిన్న పని. ఎక్స్² + వై² = 1 వృత్తం మీద భిన్నాల్లో రాయగలిగిన బిందువులన్నీ కనుక్కోమనండి. (−1, 0) నుంచి రేఖలు గీస్తూ పోవాలి, అంతకంటే చెప్పను. అయ్యాక వై² = ఎక్స్³ − 25ఎక్స్ మీద (−4, 6) అనే బిందువు తీసుకుని అదే ఉపాయం పనిచేస్తుందేమో చూడమనండి.

బుగ్గవంక (కడప)

అమ్మా, పాప చెబుతుంటే నేను టైపు చేస్తున్నా. వృత్తానికి: రేఖ వాలు టి అనుకుంటే రెండో బిందువు ((1 − టి²)/(1 + టి²), 2టి/(1 + టి²)). టి భిన్నమైతే బిందువూ భిన్నమే, అన్నీ వస్తాయి అనింది. రెండోదానికి: ఒక బిందువు నుంచి రేఖ గీస్తే ఇంకా రెండు చోట్ల తగులుతుంది, వర్గమూలం అడ్డం వస్తుంది, కాబట్టి పనిచెయ్యదు. కానీ (−4, 6) దగ్గర స్పర్శరేఖ గీస్తే అక్కడే రెండుసార్లు తగిలినట్టు కాబట్టి మిగిలేది ఒక్కటే, దాని ఎక్స్ విలువ 1681/144. అది 41/12 వర్గం, ఎందుకట్లా వచ్చిందని అడుగుతోంది.

రెండు ఎంట్రన్సులకూ దరఖాస్తులు పెట్టిస్తున్నాము.

క్లాక్‌టవర్ (అనంతపురం)

స్పర్శరేఖ సంగతి నేను చెప్పలేదన్నా, తనకే తట్టింది! వర్గం ఎందుకు వచ్చిందో చెప్పను. భుజాలు మూడూ భిన్నాలై, వైశాల్యం 5 ఉండే లంబకోణ త్రిభుజం ఉందేమో వెతకమనండి. కర్ణాన్ని 41/6 అనుకుని మొదలుపెడితే తనకే కనబడుతుంది. రాసింది ఇక్కడే పెట్టండి, హంద్రీ కూడా చూస్తాడు.